టంకశాల తప్పా, బయటి దెబ్బా: పాత నాణేల్లో ముద్రణ లోపాలను గుర్తుపట్టడం

నల్లగొండ, పాలమూరు ప్రాంతాల పాత ఇండ్లలో సందుగ అడుగున ఒక చిన్న గుడ్డమూట ఉండడం మామూలే. దాన్ని విప్పితే చార్మినార్ బొమ్మ ఉన్న హాలీ సిక్కా, రాజు తల ఉన్న కల్దార్ రూపాయి, నడుమ రంధ్రం ఉన్న చిల్లి కానీ, నయాపైసలు, అల్యూమినియం పదిపైసలు అన్నీ కలగలిసి, పసుపు కుంకుమలు అంటుకొని కనిపిస్తాయి. ఈ మధ్య ఆ మూటలు విప్పేవారు ముందుగా తప్పుల కోసమే వెతుకుతున్నారు. అక్షరం వంకరగా ఉన్నా, అంచు తెగి ఉన్నా, బొమ్మ పక్కకు జరిగినా అది ‘ఎర్రర్ కాయిన్’ అనీ, లక్షలు పలుకుతుందనీ ఫోన్లలో తిరిగే వీడియోలు చెప్పడమే దీనికి కారణం. అటువంటి నాణేలను పట్టుకొని నా దగ్గరికి వచ్చేవారిని చాలా ఏండ్లుగా చూస్తున్నాను. వారు తెచ్చినవాటిలో ఎక్కువ భాగం బయట దెబ్బ తిన్నవే తప్ప టంకశాలలో తప్పు జరిగినవి కావు.

కాబట్టి నాణెం చేతికి రాగానే వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ మార్పు నాణెం టంకశాల గడప దాటక ముందు జరిగిందా, దాటిన తరువాత జరిగిందా? ముందు జరిగితేనే అది ముద్రణ లోపం. తరువాత జరిగితే ఎంత వింతగా కనిపించినా అది చెడిపోయిన నాణెమే. ఈ ప్రశ్నకు జవాబు ఊహతో దొరకదు, నాణెం ఎలా తయారవుతుందో తెలిసి ఉండాలి.

యంత్రంతో నాణెం తయారయ్యే క్రమం ఇది. లోహాన్ని కరిగించి పోతపోసి, రోలర్ల మధ్య నొక్కి కావలసిన మందం వచ్చేదాకా పొడవాటి పట్టీగా సాగదీస్తారు. గరిజెలు చేసేటప్పుడు పలుచగా చేసిన పిండిని గిన్నె అంచుతో గుండ్రంగా కోసినట్టే, ఆ పట్టీలో నుంచి కోతయంత్రం ఖాళీ బిళ్ళలను కోస్తుంది. ఆ బిళ్ళలను వేడిచేసి మెత్తబరిచి, మసి పోయేలా కడిగి, అంచు చుట్టూ సన్నని గట్టు లేచేలా ఒత్తుతారు. చివరికి బిళ్ళ కింది అచ్చు మీద, కాలర్ అనే ఉక్కు వలయం నడుమ కూర్చుంటుంది. పై అచ్చు బలంగా దిగి కొట్టిన ఒక్క దెబ్బతో బొమ్మ, బొరుసు, అంచు మీది గాట్లు మూడూ ఒకేసారి పడతాయి. అచ్చు మీద పల్లంగా చెక్కినది నాణెం మీద ఉబ్బెత్తుగా వస్తుంది, అచ్చు మీద ఉబ్బెత్తుగా ఉన్నది నాణెం మీద పల్లంగా దిగుతుంది. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే రాబోయే పరీక్షల్లో సగం వాటంతట అవే అర్థమవుతాయి.

చేతితో కొట్టినదా, యంత్రం కొట్టినదా

మన ప్రాంతంలో ఈ పరీక్షను అన్నిటికంటే ముందు చేయాలి. ఎందుకంటే గద్వాల, వనపర్తి, నారాయణపేట మూడూ ఒకప్పుడు నిజాం ఏలుబడిలోని సంస్థానాలుగా సొంత నాణేలు కొట్టించిన చోట్లు. నాణేల పట్టికల్లో వనపర్తి నాణేల టంకశాల పేరు సూగూరు అనీ, నారాయణపేట టంకశాల పేరు దిల్షదాబాద్ అనీ ఉంటుంది. ఆ రూపాయలు మందంగా, చిన్నగా, ముద్దలాగా ఉంటాయి. కంసాలి పట్టకారుతో బిళ్ళను అచ్చు మీద పెడితే, ఇంకొకరు పై అచ్చును ఆనించి సుత్తితో కొట్టేవారు. అచ్చు వెడల్పుగా, బిళ్ళ చిన్నగా ఉండడం వల్ల లేఖనంలో ఒక ముక్క మాత్రమే నాణెం మీదికి ఎక్కేది. ఒక నాణెం మీద టంకశాల పేరు పడితే తేదీ పడదు, ఇంకొకదాని మీద తేదీ పడితే పాదుషా పేరు సగమే వస్తుంది. ఇందులో తప్పేమీ లేదు, ఆ పద్ధతి అంతే. అటువంటి నాణేన్ని ‘ఆఫ్ సెంటర్ ఎర్రర్’ అని ఎవరైనా అధిక ధర చెబితే నమ్మవలసిన పని లేదు. దాని విలువ అది ఏ సంస్థానపు నాణెమో చెప్పగలిగే అక్షరం మీద ఉంటుంది.

మన పెద్దలు బ్రిటిష్ రూపాయిని కల్దార్ అని పిలవడంలోనే ఈ తేడా అంతా ఉంది. కల్ అంటే యంత్రం, యంత్రం మీద తయారైనది కల్దార్. నిజాం సొంత నాణెం హాలీ సిక్కా, అంటే ప్రస్తుతం చెలామణిలో ఉన్నది అని అర్థం. ఆరు కల్దార్ రూపాయలకు ఏడు హాలీ రూపాయలు మారకం. హైదరాబాద్ టంకశాల కూడా చాలాకాలం చేతితోనే కొట్టింది. 19వ శతాబ్దం చివరలో చర్ఖీ అని పిలిచే తొలి యంత్రపు నాణేలు వచ్చాయి, 1903 ప్రాంతంలో సైఫాబాద్‌లో కొత్త టంకశాల ఏర్పడి చార్మినార్ నాణేలు మొదలయ్యాయి. ముద్రణ లోపం అనే మాటను నమ్మకంగా వాడగలిగేది ఈ చార్మినార్ నాణేల నుంచే. చర్ఖీ నాణేలు యంత్రం మీదివే అయినా మొరటుగా ఉంటాయి కాబట్టి, వాటిలో చిన్న చిన్న తేడాలను లెక్కలోకి తీసుకోకపోవడమే మంచిది.

దగ్గర ఉంచుకోవలసినవి

పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం, గ్రాములో నూరోవంతు చూపే చిన్న డిజిటల్ కాటా, వెర్నియర్ కాలిపర్, ఒక అయస్కాంతం, పక్కకు వంచగలిగే బల్లదీపం ఉంటే చాలు. వీటన్నిటికంటే ముఖ్యమైనది అదే రకం, అదే ఏడాది మంచి నాణెం ఒకటి. పక్కన పెట్టి పోల్చడానికి మామూలు నాణెం లేకుండా తప్పు నాణేన్ని తేల్చడం అయ్యే పని కాదు.

నాణేన్ని అంచుల దగ్గర పట్టుకోవాలి, మెత్తని గుడ్డ మీద చూడాలి, కడగకూడదు. ఈ చివరి మాటను మన ఇండ్లలో ఎవరూ వినరు. మా మేనత్త దగ్గర ఉస్మాన్ అలీ ఖాన్ కాలపు చార్మినార్ రూపాయి ఒకటి ఉండేది. ఒక మినార్ అడుగు నుంచి అంచు దాకా వెంట్రుక మందాన ఒక గీత సాగి ఉండేది. ఆమె దాన్ని ఎవరో గోకిన గీత అనుకొని, లక్ష్మీపూజ రోజున చింతపండు, ముగ్గుపిండి కలిపి గట్టిగా తోమింది. గీత పోలేదు. పోవడానికి అది గోకినది కాదు, అచ్చు పగిలినప్పుడు ఏర్పడిన గట్టు. పోయినది వెండి మీద వందేండ్లుగా ఏర్పడిన నల్లని నిగ్గు, దానితోపాటు ఆ నాణెం ధరలో సగం. రాగి, కంచు నాణేలకు చింతపండు ఇంకా ప్రమాదం. అవి పచ్చి గులాబీ రంగుకు తిరుగుతాయి, ఆ రంగును ఏ కొనుగోలుదారైనా దూరం నుంచే గుర్తుపడతాడు.

ఆ గీతను గుర్తించే పద్ధతి ఇది. గదిలో మిగతా దీపాలు ఆర్పి, బల్లదీపాన్ని దాదాపు నాణెం ఎత్తుకు దించి, వెలుగు ఒక పక్క నుంచే పడేలా చేయాలి. పక్కనే ఉన్న అక్షరం నీడ ఏ వైపు పడుతున్నదో చూసి, గీత నీడ కూడా అదే వైపు పడితే అది ఉబ్బెత్తుది, ఎదురు వైపు పడితే పల్లంలో ఉన్నది. ఉబ్బెత్తు గీత అచ్చు పగులు వల్ల వస్తుంది, ఎందుకంటే పగిలిన సందులోకి లోహం పొంగుతుంది. పల్లపు గీత నాణెం మీద పడిన గోరు గాటు, కత్తి గాటు, సంచిలో ఇంకొక నాణెం రాపిడి. మేనత్త రూపాయి మీది గీత నీడ మినార్ నీడతో కలిసి ఒకే వైపు పడింది. భూతద్దంలో చూస్తే ఆ గట్టు మినార్ మెట్ల మీదుగా ఎక్కి, అక్షరం మీదుగా దిగి, ఎక్కడా తెగకుండా అంచు గట్టులో కలిసిపోయింది. కత్తి గాటు ఇలా ఎక్కి దిగదు, ఎత్తుగా ఉన్న చోట లోతుగా కోసి, పల్లంగా ఉన్న చోట తేలిపోతుంది.

బిళ్ళలో వచ్చే లోపాలు

గరిజెల పిండిని మళ్ళీ గుర్తు చేసుకోవాలి. ఒకసారి కోసిన గుంట మీదికి గిన్నె అంచు మళ్ళీ జరిగితే రెండో గరిజెకు నెలవంక ఆకారంలో ఒక ముక్క తక్కువవుతుంది. టంకశాలలో పట్టీ సరిగా ముందుకు జరగకపోయినప్పుడు బిళ్ళకు జరిగేది అదే, దీనినే సేకరణదారులు క్లిప్ అంటారు. పట్టీ చివర తిన్నని అంచు మీద కోత పడితే తిన్నని క్లిప్ వస్తుంది, పట్టీ కొసన చిరుగులు ఉంటే గరుకు క్లిప్ వస్తుంది.

క్లిప్ నాణేల్లో నకిలీలు ఎక్కువ, నేను మోసపోయినది కూడా ఇక్కడే. ఒక వారపు సంతలో పాత సామాన్లు పరచుకున్న చోట, ఐదవ జార్జి కాలణా ఒకటి కొరికిన అప్పంలాగా కనిపిస్తే, మూడు వందలు ఇచ్చి కొన్నాను. రెండు నెలల తరువాత భూతద్దం కింద పెట్టి తీరికగా చూస్తే, కోసిన చోట సన్నని గీతలు ఒకదాని పక్కన ఒకటి సమానంగా కనిపించాయి, అవి ఆకురాయి గీతలు. ఆ చోట నల్లదనం కూడా మిగతా నాణెం రంగులో కలవలేదు, పూసినట్టు మచ్చగా ఉంది. అయినా ఇవి రెండూ చిన్న సాక్ష్యాలు. అసలు సాక్ష్యం క్లిప్‌కు సరిగ్గా ఎదురు వైపు ఉంటుంది. నిజమైన క్లిప్ ఉన్న బిళ్ళకు అంచు గట్టు ఒత్తేటప్పుడు, తెగిన చోట ఆనడానికి లోహం లేక, ఎదురు వైపున ఒత్తిడి చాలక గట్టు సరిగా లేవదు. కాబట్టి నిజమైన క్లిప్ నాణేల్లో ఎదురు అంచు చాలా వరకు పలుచగా, చెరిగినట్టు ఉంటుంది. నా కాలణాలో ఎదురు అంచు నిండుగా, గుడి గడపలాగా లేచి ఉంది. అంటే నాణెం పూర్తిగా తయారైన తరువాత ఎవరో కోశారు. ఇంకొక గుర్తు కూడా ఉంది: నిజమైన క్లిప్ దగ్గర అక్షరాలు లోహం పారినట్టుగా సన్నబడి, వంగి ఆగుతాయి. కోసిన నాణెంలో అక్షరం నిండు ఎత్తులో ఉన్నట్టుండి తెగిపోతుంది. ఆ కాలణాను నేను పారేయలేదు, చూడవచ్చినవారికి చూపించడానికి అదే పనికొస్తున్నది.

లోహంలో మలినం లేదా గాలి చేరితే పై పొర పొలుసులాగా లేస్తుంది, దీనికి లామినేషన్ అని పేరు. పొర లేచిన చోట అడుగు గరుకుగా, నార తీసినట్టుగా ఉండాలి. నున్నగా ఉంటే అది ఉలి దెబ్బ.

వేరే నాణేనికి కోసిన బిళ్ళ మీద ఈ నాణెం బొమ్మ పడడం అరుదు, కాబట్టి ఆశ ఎక్కువగా దీని మీదే ఉంటుంది. దీన్ని కంటితో కాదు, కాటాతో తేల్చాలి. కల్దార్ వెండి రూపాయి 11.66 గ్రాములు, ఉస్మానియా (ఉస్మాన్ అలీ ఖాన్ కాలపు హాలీ) వెండి రూపాయి 11.18 గ్రాములు, తొలి కంచు నయాపైస 1.5 గ్రాములు, 1992 నుంచి వచ్చిన స్టీలు రూపాయి 4.85 గ్రాములు. చెలామణిలో అరిగిన వెండి రూపాయి కొంత తక్కువ తూగడం సహజం. 1975లో 8 గ్రాములతో మొదలైన నికెల్ కలిసిన రూపాయిని 1980లలో ప్రభుత్వమే 6 గ్రాములకు తగ్గించింది. చిన్నగా, తేలికగా ఉన్న ఆ రూపాయిని తప్పు బిళ్ళ అని తెచ్చేవారు ఇప్పటికీ ఉన్నారు. అయస్కాంతం కూడా ఇక్కడే పనికొస్తుంది. 1947 నాటి పులిబొమ్మ రూపాయి, 1950 రూపాయి స్వచ్ఛమైన నికెల్‌వి కాబట్టి అయస్కాంతానికి అంటుకుంటాయి. కల్దార్ వెండి రూపాయి అంటుకుంటే అది లోపం కాదు, దొంగ నాణెం.

చిల్లి కానీ సంగతి వేరుగా చెప్పాలి. 1943 నుంచి 1947 దాకా, యుద్ధకాలంలో లోహం ఆదా చేయడానికి నడుమ రంధ్రంతో వచ్చిన ఈ నాణేల్లో రంధ్రం పక్కకు జరిగినవి దొరుకుతాయి. రంధ్రం కొట్టేది ఖాళీ బిళ్ళకు, బొమ్మ పడేది ఆ తరువాత. కాబట్టి టంకశాల రంధ్రం అంచు దెబ్బకు ఒత్తుకుపోయి గుండ్రంగా, నున్నగా ఉంటుంది. మొలతాడుకో మెడలో దండకో ఎక్కించడానికి ఇంట్లో మేకుతో పొడిచిన రంధ్రానికి ఒక వైపు పెదవి బయటికి లేచి ఉంటుంది. రంధ్రమే లేని చిల్లి కానీ అని చూపిస్తే, నడుమ భూతద్దంతో గుండ్రటి అతుకు గీత కోసం వెతకాలి.

అచ్చులో వచ్చే లోపాలు

పగులు గురించి చెప్పాను. పగులు ముదిరి అచ్చు అంచు ముక్కే ఊడిపోతే, ఆ చోట నాణెం మీద అక్షరాలు లేని ఉబ్బెత్తు ముద్ద ఒకటి అంచుకు అతుక్కొని వస్తుంది. దీనిని కడ్ అంటారు. లోహమంతా ఆ ఖాళీలోకి పోవడం వల్ల, నాణేన్ని తిప్పి చూస్తే సరిగ్గా ఆ వెనుక భాగంలో బొరుసు చెరిగినట్టు ఉండాలి. వెనుక వైపు నిండుగా ఉండి ముందు మాత్రం ముద్ద ఉంటే, అది సీసంతోనో వెండితోనో అతికిన మాటు. మన దగ్గర పాత రూపాయలకు కొండీలు అతికి దండలు గుచ్చుకునే అలవాటు ఉండేది కాబట్టి, కొండీ ఊడగొట్టిన మాటు ముద్దలు తరచుగా కనిపిస్తాయి. అవి ఎక్కువగా రాజు తలకు పైభాగంలోనే ఉంటాయి, దండలో నాణెం వేలాడేది అట్లాగే మరి.

బిళ్ళ పడకుండానే రెండు అచ్చులు ఒకదానినొకటి కొట్టుకుంటే, ఒకదాని రూపం ఇంకొకదాని మీద నీడలాగా దిగుతుంది. ఆ తరువాత కొట్టిన నాణేల్లో బొరుసు వైపు ఖాళీ మైదానంలో రాజు ముక్కు, గడ్డం గీతలు తిరగబడి లీలగా కనిపిస్తాయి. ఇదే డై క్లాష్. వేలితో తడిమితే తెలియదు, పక్క వెలుగులో నాణేన్ని నెమ్మదిగా తిప్పితేనే పట్టుబడుతుంది.

జంట అక్షరాల విషయంలో తొందరపాటు ఎక్కువ. అచ్చు తయారుచేసేటప్పుడే బొమ్మ రెండుసార్లు కొద్ది తేడాతో దిగితే అక్షరం వెడల్పవుతుంది, దాని మూలల్లో చీలిక కనిపిస్తుంది, రెండు రూపాలూ గుండ్రని ఎత్తుతో ఉంటాయి. ఇది విలువైనది. నాణెం కొట్టిన క్షణంలో అచ్చు కదిలి అక్షరాన్ని పక్కకు తోస్తే మెట్టులాగా చదునైన నీడ ఒకటి ఏర్పడి, అసలు అక్షరం సన్నబడుతుంది. ఇది యంత్రం వదులుతనం, కోకొల్లలుగా దొరుకుతుంది, ఎవరూ ధర పెట్టరు. తేల్చుకోవడానికి అక్షరం వెడల్పు పెరిగిందా తగ్గిందా అని మంచి నాణెంతో పోల్చి చూస్తే సరిపోతుంది.

తేదీలో చివరి అంకె లేని నాణెం తెస్తే, ముందుగా దాని ఇరుగుపొరుగు అక్షరాలను చూడాలి. అచ్చు గుంటలో జిడ్డు, ధూళి నిండి అంకె పడకపోతే, పక్క అంకెలు పదునుగా ఉండి ఆ ఒక్క చోటే కొద్దిగా గరుకుగా, ఇసుక రాలినట్టు ఉంటుంది. అరిగిపోయిన నాణెంలో ఎత్తైన భాగాలన్నీ ఒకే తీరుగా చదునై మెరుస్తాయి. గీకి తీసేసిన అంకె దగ్గర మైదానం కొద్దిగా గుంటపడి ఉంటుంది.

అచ్చు తిరిగిన నాణేలను గుర్తించడం అన్నిటికంటే తేలిక. కల్దార్ నాణేల్లోనూ, స్వతంత్రం వచ్చిన తరువాతి మన నాణేల్లోనూ చాలా వరకు బొమ్మ, బొరుసు రెండింటికీ పైభాగం ఒకే వైపు ఉంటుంది. నాణేన్ని పైన చూపుడువేలితో, కింద బొటనవేలితో పట్టుకొని పక్కకు గిర్రున తిప్పితే బొరుసు నిటారుగా రావాలి. పది పదిహేను డిగ్రీల వంపును ఎవరూ పట్టించుకోరు. అడ్డంగా పడుకున్నా, తలకిందులుగా వచ్చినా పక్కన పెట్టుకోవచ్చు. హాలీ సిక్కాల లిపి చదవలేని వారు అదే రకం నాణేలు మూడు నాలుగు ముందు పెట్టుకొని పోల్చాలి.

దెబ్బ పడేటప్పుడు జరిగేవి

కాలర్ సరిగా లేనప్పుడు బిళ్ళ రొట్టెలాగా వెడల్పుగా పరుచుకుంటుంది. బరువు సరిగ్గా ఉంటుంది, వ్యాసం పెరుగుతుంది, అంచు మీద గాట్లు ఉండవు. బిళ్ళ పక్కకు జరిగి దెబ్బ పడితే ఒక వైపు బొమ్మ తెగి, రెండో వైపు ఏమీ పడని ఖాళీ నెలవంక మిగులుతుంది. తేదీ కనిపిస్తూ బాగా పక్కకు జరిగిన నాణేలకే గిరాకీ. వీటితో పొరబడేవి రైలు కింద పెట్టిన నాణేలు. నల్లగొండ స్టేషన్ పక్క పట్టాల మీద పైసలు పెట్టి, రైలు పోయిన తరువాత ఏరుకున్న పిల్లలు ఇప్పుడు తాతలయ్యారు, ఆ పైసలు మాత్రం మూటల్లో మిగిలి ఉన్నాయి. వాటిలో అక్షరాలు చదునై, ఒక దిక్కుకు సాగిపోయి ఉంటాయి. టంకశాలలో పరుచుకున్న నాణెంలో మధ్య భాగం అక్షరాలు పదునుగానే ఉంటాయి.

ఒకసారి కొట్టిన నాణెం అచ్చుకు అతుక్కొని ఉండిపోయి, తరువాతి బిళ్ళ మీద తానే అచ్చుగా పనిచేస్తే, ఆ రెండో నాణేనికి ఒక వైపు మామూలు బొమ్మ, రెండో వైపు అదే బొమ్మ పల్లంగా, అద్దంలో చూసినట్టు తిరగబడి వస్తుంది. ఇది బ్రోకేజ్, నాణేలవాళ్ళకు చాలా ఇష్టమైన తప్పు. రెండు నాణేలను వైస్‌లో పెట్టి బిగించి దీనికి నకిలీ చేస్తారు. నకిలీలో తిరగబడిన బొమ్మ కింద అసలు బొరుసు గుర్తులు మిగిలిపోతాయి, రెండో వైపు అక్షరాల తలలు నలిగి చదునుగా ఉంటాయి. అసలు బ్రోకేజ్‌లో మామూలు వైపు ఎక్కడా నలగదు. రెండు వైపులా రాజు తలే ఉన్న నాణేన్ని కూడా అనుమానంతోనే చూడాలి. రెండు నాణేలను లేతు యంత్రం మీద తరిడ పట్టి ఒకదానిలో ఒకటి దించి అతికించినవే ఎక్కువ, గట్టు లోపలి వైపు భూతద్దంతో తిరిగితే అతుకు గీత దొరుకుతుంది, రాతి మీద వేస్తే గణగణ మోగకుండా బొద్దుగా శబ్దం చేస్తుంది.

తప్పులుగా కనిపించే సరైన నాణేలు

1862 తేదీతో ఉన్న విక్టోరియా రూపాయల మీద అక్కడక్కడ చుక్కలు ఉంటాయి. 1874 దాకా తేదీ మార్చకుండా కొట్టారు కాబట్టి ఏ ఏడాదివో గుర్తించడానికి ఆ చుక్కలు కావాలనే పెట్టారు. 1911 ఐదవ జార్జి రూపాయిలో రాజు వస్త్రం మీది ఏనుగు పందిలాగా కనిపిస్తున్నదని అభ్యంతరం వచ్చి, 1912లో బొమ్మ మార్చారు. దానికి ధర ఉన్నా అది చెక్కిన బొమ్మలోని లోపమే, ముద్రణలోనిది కాదు. మన చార్మినార్ నాణేల ద్వారంలో మహబూబ్ అలీ ఖాన్ కాలంలో మీమ్ అనే ఉర్దూ అక్షరం, ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో అయిన్ అక్షరం ఉంటాయి. పాలమూరుకు మహబూబ్‌నగర్ అనే పేరు తెచ్చిన నిజాం గుర్తే ఆ మీమ్. ఉస్మాన్ అలీ ఖాన్ తొలి నాణేల్లో అయిన్ సగమే ఉండి తరువాత పూర్తి రూపం వచ్చింది. సగం అయిన్ ఉన్నది అచ్చు రకం, సగం పడిన అక్షరం కాదు. ఆ నాణేల మీది 92 అనే అంకె తేదీలో తప్పు కాదు, ముహమ్మద్ అనే పేరుకు అక్షరాల విలువల లెక్కలో వచ్చే సంఖ్య. హిజ్రీ సంవత్సరంతోపాటు పాలనా సంవత్సరం కూడా వేయడం వల్ల రెండు తేదీలు ఉన్నాయని కంగారు పడనక్కరలేదు.

స్వతంత్ర భారత నాణేల్లో తేదీ కింద నక్షత్రం ఉంటే హైదరాబాద్, వజ్రం ఆకారం ఉంటే ముంబై, గుండ్రటి చుక్క ఉంటే నోయిడా టంకశాలవి. కోల్‌కతా నాణెం మీద ఏ గుర్తూ ఉండదు. అందువల్ల ‘గుర్తు మిస్సింగ్’ అనే నాణేలు చాలా వరకు కోల్‌కతావే.

వాడపల్లి సంగమం దగ్గరా, బీచుపల్లి దగ్గరా కృష్ణలో వేసిన నాణేలు నీళ్ళు తగ్గినప్పుడు ఇసుకలో దొరుకుతాయి. ఏండ్ల తరబడి నీళ్ళలో నాని, ఇసుకలో రాపిడి తిని అన్ని వైపులా సమానంగా పలుచబడతాయి, బరువు తగ్గుతుంది, అంచు గాట్లు పోతాయి. చూడడానికి పలుచని బిళ్ళ మీద కొట్టినట్టే ఉంటాయి. భూతద్దంలో చూస్తే పైతలమంతా సూదులతో పొడిచినట్టు సన్నని గుంటలు కనిపిస్తాయి, టంకశాల బిళ్ళ మీద అవి ఉండవు.

ధర, చట్టం

నిజమైన లోపమని తేలిన తరువాత కూడా ధర గురించి తగ్గి ఆలోచించడం మేలు. అచ్చు పగుళ్ళు, చిన్న వంపులు, కొద్దిపాటి క్లిప్‌లు ఉన్న మామూలు నాణేలు కొన్ని వందలకు మించి పలకడం కష్టం. లక్షలు ఇస్తామని చెప్పి ముందుగా రిజిస్ట్రేషన్ రుసుము, పన్ను, కమీషన్ అడిగేవారు దొంగలు. రిజర్వ్ బ్యాంకు పేరు చెప్పి ఇట్లా వసూలు చేస్తున్నారని, తాను అటువంటి వ్యవహారాలు చేయనని ఆ బ్యాంకే 2021లో హెచ్చరిక జారీ చేసింది. రాముడి దర్బారు, హనుమంతుడు బొమ్మలతో 1818, 1717 వంటి తేదీలు వేసి ఈస్టిండియా కంపెనీ నాణేలని అమ్మే బిళ్ళలను ఆ కంపెనీ ఎప్పుడూ కొట్టలేదు. బియ్యపు గింజలను లాక్కుంటుందని చెప్పే ‘రైస్ పుల్లింగ్’ నాణేల మాయలో పడి మన జిల్లాల్లో ఎంతమంది భూములు అమ్ముకున్నారో అందరికీ తెలిసిందే.

దున్నేటప్పుడో పునాది తీసేటప్పుడో నాణేల కుండ దొరికితే ఇంట్లో దాచుకోవడానికీ, అవుసలి దగ్గర కరిగించడానికీ వీలు లేదు. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం భూమిలో దొరికిన నిధి విలువ 10 రూపాయలు దాటితే కలెక్టర్‌కు తెలియజేయాలి. సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో 2024లో తవ్వకాల్లో ఒక చిన్న కుండలో 3,730 సీసపు నాణేలు బయటపడ్డాయి. ఒక వైపు ఏనుగు, రెండో వైపు ఉజ్జయిని గుర్తు ఉన్న ఆ ఇక్ష్వాకుల కాలపు నాణేలు విడివిడిగా సంతల్లో అమ్ముడుపోయి ఉంటే, అవన్నీ ఒకే కుండలోవన్న సంగతి ఎవరికీ తెలిసేది కాదు. నూరేండ్లు దాటిన నాణేలను విదేశాలకు పంపడం 1972 నాటి పురావస్తువుల చట్టం కింద నేరం, విదేశీ వేలం సైట్లకు పంపాలనుకునేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి.

కంటికి అలవాటు కావాలంటే సైఫాబాద్ పాత టంకశాలలో 2022లో తెరిచిన మ్యూజియంలో నాణేలు కొట్టే యంత్రాలను దగ్గర నుంచి చూడవచ్చు. ఇంట్లో మాత్రం ప్రతి అనుమానపు నాణేనికీ ఒక చీటీ రాసి పెట్టుకోవాలి: బరువు, వ్యాసం, అయస్కాంతానికి అంటిందా లేదా, ఎక్కడ ఎంతకు దొరికింది, లోపం ఉబ్బెత్తుదా పల్లపుదా, ఎదురు వైపు ఎట్లా ఉంది. రెండు వైపులా పక్క వెలుగులో ఫొటో తీసి, నాణేన్ని మెత్తని ప్లాస్టిక్ కవర్లలో కాకుండా అట్ట హోల్డర్‌లో ఉంచి, ఆ చీటీని దాని వెనుకే పెట్టాలి. నా సంత కాలణా చీటీ మీద ‘ఎదురు అంచు నిండుగా ఉంది, ఆకురాయి, రూ. 300’ అని రాసి ఉంది.